దుబ్బమ్మ వీపు

అనగనగా ఇప్పచెట్లు దండిగా ఉన్న ఒక అడవిలో, వీపు మీద బిడ్డను వేసుకుని తిరిగే తల్లి ఎలుగుబంటి ఒకటి ఉండేదర్రా. దాని పేరు దుబ్బమ్మ. ఒళ్ళంతా దుబ్బులా జుట్టు మరి! బిడ్డ పేరు గుండ్రాయి. ఏట్లో దొరికే గుండ్రాయిలాగే పొట్టిగా, బరువుగా ఉండేవాడు.

ఎలుగుబంట్లకి ఒక ఆచారం ఉంది. బిడ్డకి నడక వచ్చినా సరే, పులిని తప్పించుకునే తెలివి వచ్చేదాకా తల్లి వీపు మీదే ఉండాలి. తల్లి భుజాల మధ్య జుట్టు పొడుగ్గా పెరుగుతుంది. బిడ్డ దాన్ని రెండు గుప్పిళ్ళతో పట్టుకోవాలి. తల్లి పుట్ట తవ్వినా, కొండ ఎక్కినా, పరుగెత్తినా వదలకూడదు.

చెప్పడానికి బాగానే ఉంటుంది. బరువు సంగతి మోసేవాళ్ళకి తెలుస్తుంది.

దుబ్బమ్మకి సాయం ఎవరూ లేరు. గుండ్రాయి తండ్రి ఏ కొండ అవతల ఉన్నాడో దానికే తెలీదు. ఎలుగుబంట్లలో తండ్రులంతే, వాళ్ళ గురించి మాట్లాడుకోవడం దండగ. ఎండాకాలం వచ్చింది, ఇప్పపువ్వు రాలడం మొదలైంది. తెల్లవారకముందే వెళ్ళినవాళ్ళకే పువ్వు. బిడ్డను మోసుకుంటూ, ఆయాసపడుతూ దుబ్బమ్మ చేరేసరికి చెట్ల కింద తొక్కిన నేల తప్ప ఏమీ మిగిలేది కాదు. పైగా వాడు కుదురుగా ఉంటాడా?

"అమ్మా, దాహం! అమ్మా, చీమ కుట్టింది! అమ్మా, ఇంకెంత దూరం?"

"నా ప్రాణం తియ్యకురా!" అని ఒకరోజు గట్టిగా అరిచేసింది. అరిచాక తనకే ఏడుపొచ్చింది. కడుపు మాడుతోంది, కాళ్ళు లాగుతున్నాయి. ఎవరితో చెప్పుకుంటుంది పాపం!

మర్నాడు ముళ్ళపంది మామ్మ బొరియ దగ్గర ఆగింది.

"మామ్మా, ఈ ఒక్క పూటా మావాణ్ణి చూసిపెట్టవూ? పువ్వు ఏరుకుని వచ్చేస్తాను."

"దానికేం తల్లీ, వెళ్ళిరా" అంది మామ్మ.

గుండ్రాయి తల్లి జుట్టు వదల్లేదు. దుబ్బమ్మే వాడి గోళ్ళు ఒక్కొక్కటీ విడదీసి కిందికి దింపింది. ఆ రోజు కడుపునిండా తింది. వీపు ఎంత తేలిగ్గా ఉందో! ఒక్క పూట కాస్తా వారమైంది. మొదట్లో రోజూ సాయంత్రం వచ్చి చూసేది. తర్వాత రెండు రోజులకోసారి. ఆ తర్వాత ఎప్పుడు వీలైతే అప్పుడు.

ముళ్ళపంది మామ్మ మంచిదే. కానీ గుండ్రాయి నిద్రలో దగ్గరికి జరిగితే ముళ్ళు గుచ్చుకునేవి. "నా ఒంటికి ఆనకు నాయనా, దూరంగా పడుకో" అనేది. వాడు దూరంగా పడుకోవడం నేర్చుకున్నాడు.

కొన్నాళ్ళకి మామ్మ ఇక తన వల్ల కాదంది. దుబ్బమ్మ కొండముచ్చు దగ్గరికి వెళ్ళింది.

"వదినా, నీ పిల్లలతో పాటు వీణ్ణీ కాస్త చూడవూ?"

"అయ్యో, పదిమందిలో పదకొండోవాడు, వదిలెళ్ళు వదినా!" అంది కొండముచ్చు. అది కూడా మంచిదే. "భయమేస్తే ఎవరికోసమూ ఆగకు. చెట్టెక్కెయ్, అంతే" అని నేర్పింది. వాడు అదీ నేర్చుకున్నాడు.

కొండముచ్చుల గుంపు వేరే కొండకి మారిపోయింది. ఈసారి ఏటి ఒడ్డు తాబేలు తాత వంతు. ఒకరోజు గుండ్రాయి రాయి తగిలి బావురుమన్నాడు.

"ఏడిస్తే ఏం లాభంరా మనవడా? తల లోపలికి లాక్కుని కూర్చో. నొప్పి దానంతటదే పోతుంది" అన్నాడు తాత.

వాడికి డిప్ప ఎక్కడిది? ముందుకాళ్ళలో మొహం దాచుకుని ఊరుకోవడం నేర్చుకున్నాడు.

ముగ్గురూ వాడికి చెడు చెయ్యలేదర్రా. తమకు తెలిసిందే నేర్పారు.

తొలకరి పడింది. పువ్వు అయిపోయింది. దుబ్బమ్మ నిగనిగలాడుతూ, తేనెపట్టు ముక్క నోట కరుచుకుని వచ్చింది.

"గుండ్రాయీ! ఎక్కు నాన్నా, ఇంటికి పోదాం" అని వంగి కూర్చుంది.

వాడు తేనె తిన్నాడు. మూతి నాక్కున్నాడు. ఎక్కలేదు. నాలుగడుగుల వెనక నడిచి వచ్చాడు.

గుహలో ఓ మూల ముడుచుకుని పడుకున్నాడు. "దగ్గరికి రారా, చలి" అంది దుబ్బమ్మ.

"వద్దు. ఆనకూడదు" అన్నాడు వాడు.

మర్నాడు సాయంత్రం చూస్తే వాడి పాదం వాచి ఉంది. లోపల ముల్లు.

"ఎప్పుడు గుచ్చుకుందిరా?"

"పొద్దున."

"చెప్పలేదేం మరి?"

"చెప్తే ఏం లాభం?"

దుబ్బమ్మ పళ్ళతో ముల్లు లాగేసింది. వాడు కిక్కురుమనలేదు. ఒకప్పుడు చీమ కుడితే అడవి దద్దరిల్లేలా అరిచినవాడు! 'అమ్మా, దాహం' అని ఒక్కసారి విసిగిస్తే చాలు కదా అనుకుంది. బిడ్డ ఎదురుగానే ఉన్నాడు, అయినా దానికి ఇంత ఒంటరితనం ఎప్పుడూ తెలీలేదు. ఇదివరకు ఎవరూ లేకపోయినా వీపు మీద బరువైనా ఉండేది.

మూడో రోజు ఏటి దగ్గర పులి వాసన వచ్చింది.

"గుండ్రాయీ, నా మీదికెక్కు!" అని అరిచింది దుబ్బమ్మ.

వాడు ఆగలేదు. పక్కనున్న సన్నటి చెట్టెక్కేశాడు. కొండముచ్చయితే అక్కణ్ణుంచి ఇంకో చెట్టు మీదికి దూకేది. వీడు దూకలేడు కదా! వీడి బరువుకి చెట్టు వంగడం మొదలెట్టింది. పులి ఆ చెట్టు కిందికి వచ్చి నిలబడింది.

దుబ్బమ్మ వెనకకాళ్ళ మీద లేచి పులి మీద పడింది. చాలాసేపు పెనుగులాడాయి. చివరికి పులి మూతి చీరుకుపోయి, విసుగెత్తి వెళ్ళిపోయింది. దుబ్బమ్మ భుజాల మధ్య పొడుగు జుట్టు మాత్రం పులి పంజాకి ఊడి వచ్చేసింది. అక్కడ ఎర్రటి గాయం మిగిలింది.

గుండ్రాయి దిగలేదు. దుబ్బమ్మ దిగమని అనలేదు. చెట్టు కింద వాడికి వీపు పెట్టి కూర్చుంది.

"తప్పు నాదిరా, నీది కాదు. నీకు దిగాలనిపించినప్పుడే దిగు. నేనెక్కడికీ పోను" అంది.

సాయంత్రమైంది. వాన పడింది. తాబేలు తాత వచ్చి, "నేను పిలిచి చూడనా అమ్మాయీ?" అన్నాడు.

"వద్దు తాతా. ఈ పని నాది" అంది దుబ్బమ్మ.

తెల్లవారింది. పైనుంచి చిన్న గొంతు వినబడింది.

"అమ్మా."

"ఊఁ."

"దాహం."

దుబ్బమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపు ఆగదని భయం. చెట్టు మీంచి గోళ్ళు జారుతున్న చప్పుడైంది. తర్వాత వీపు మీద రెండు చిన్న కాళ్ళు ఆనాయి.

"ఎక్కడ పట్టుకోవాలమ్మా? జుట్టు లేదుగా."

"ఎక్కడ అందితే అక్కడ పట్టుకో నాన్నా."

వాడు తెలీక గాయం పక్కనే పట్టుకున్నాడు. దుబ్బమ్మ పళ్ళు బిగబట్టి లేచి, మెల్లగా ఏటివైపు నడిచింది.

అంతటితో అంతా బాగైపోయిందనుకోకండి. ఆ తర్వాత చాలా రోజులు గుండ్రాయి గుహలో దూరంగానే పడుకున్నాడు. దుబ్బమ్మ రోజుకో జానెడు వాడి వైపు జరుగుతూ వచ్చింది.

నీతి: బిడ్డ ఎవరి దగ్గర పెరిగితే వాళ్ళ బతుకే నేర్చుకుంటుంది, కన్నవాళ్ళు మొయ్యాల్సిన బరువు కన్నవాళ్ళే మొయ్యాలి.