దిగిరాని నిషాదం

ఊరి చివర పశువుల పాకలో సింగారి అనే గేదె, బుజ్జులు అనే మేక, పర్ల అనే కోడిపుంజు రోజూ పొద్దువాలే వేళ కలిసి పాడేవి. గేదె ‘స’ పట్టేది. ఒక స్వరం వదిలి మేక ‘గ’ అందుకునేది. ఇంకొకటి వదిలి పుంజు ‘ప’ ఎత్తేది. మూడూ కలిసి మోగితే పాట నిండుగా ముగిసినట్టుండేది. అది వినగానే కోళ్లు తృప్తిగా గూట్లోకి నడిచేవి, సింగారి కొమ్ముతో తలుపు నెట్టేసేది.

నక్క జంబన్నకి మింగుడుపడనిది ఆ ముగింపే.

ఒకనాడది పాకకి వచ్చి, మూడు స్వరాలతో ఆగిపోవడం మరీ పాతకాలపు పద్ధతని పెదవి విరిచింది. ‘ప’ తర్వాత ఇంకొకటి వదిలి ‘ని’ కూడా కలపాలట. ‘స’ నుంచి లెక్కపెడితే అది ఏడో స్వరం గనక పట్నంలో ఈ నాలుగింటి కూర్పుని సెవెంత్ కార్డ్ అంటారట. పక్కనే ఉన్న గాడిద ఓబులుని పిలిచి, ‘ని’ని కాస్త దించి పాడటం నేర్పింది. తనని పాడమన్నవాళ్లు పుట్టాక ఇంతవరకూ లేరని ఓబులు కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ సాయంత్రం నాలుగూ గొంతు కలిపాయి. బాగానే ఉంది గానీ పాట ముగియలేదు. తుమ్ము ముక్కుదాకా వచ్చి ఆగినట్టుంది. కోళ్లు ఒక కాలెత్తి, మెడలు చాచి అలాగే నిలబడిపోయాయి. కాపలా కుక్క ఆవులింత మధ్యలో నోరు తెరుచుకునే ఉండిపోయింది. తర్వాత ఎటు వెళ్లాలో తెలియక పాడేవాళ్లూ ఆపలేదు.

జంబన్న తాపీగా వచ్చి చుక్కలపెట్టని నోట కరుచుకుని కంచెదాకా నడిచింది. అక్కడ దాని కాళ్లు ఆగిపోయాయి. పాట ఎక్కడ దిగుతుందో వినకుండా అదీ కదల్లేకపోయింది.

పళ్ల మధ్యనుంచి చుక్కలపెట్ట నెమ్మదిగా అంది: “బాబాయ్, తింటే తిన్నావు గానీ, ఇది ఇలా వేలాడుతుంటే నాకు ప్రాణం కూడా సరిగ్గా పోదు. ఓబులు ఎక్కడికి దిగాలో నీకు తెలుసు కదా, చెప్పరాదూ?”

నక్క కాలితో సైగ చేసింది. ఓబులు కళ్లు మూసుకుని పాడుతోంది. జంబన్న ఇక తాళలేకపోయింది.

“‘ద’కి దిగరా, గాడిదా.”

నోరు తెరవగానే పెట్ట ఎగిరి పాక చూరెక్కింది. ఓబులు ఒక మెట్టు దిగి ‘ద’ పట్టింది. మేక ‘గ’ నుంచి ‘మ’కి ఎక్కింది, గేదె కూడా ‘మ’కే వచ్చింది, పుంజు పై ‘స’ అందుకుంది. పాకంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. అందరికంటే హాయిగా వదిలింది జంబన్నే. కళ్లు మూసుకుని తల ఊపుతూ ఉండిపోయింది. ఆవులింత పూర్తిచేసుకున్న కుక్క దాని తోక పట్టుకున్నాక గానీ, నోట్లో పెట్ట లేదన్న సంగతి దానికి తెలియలేదు.

నీతి: పదిమందినీ ఎదురుచూపులో నిలబెట్టి బతకాలనుకునేవాడు, ముందు తను ఓపిక పట్టగలడో లేదో చూసుకోవాలి.