రానివాళ్ళ గుప్పెడు

మా తాతకు తాత ఇంకా గొడ్లు కాసుకునే రోజుల్లో, గుండ్లకమ్మ ఒడ్డు దాటి పారే రోజుల్లో, ఆ ఏటి పక్కన మన పల్లె ఉండేది. పల్లెలో ఒక తాటాకు పాక ఉండేది. అదే మన క్రైస్తవుల గుడి. గంట లేదు. ఇనప ముక్కను కొయ్యకు వేలాడదీసి కొట్టేవాళ్ళు. చిన్నప్పుడు ఆ మోత నేనూ విన్నాను.

అప్పట్లో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక పిడత ఉండేది. ఎసట్లో గింజలు పోసేముందు ఆడవాళ్ళు ఒక గుప్పెడు తీసి ఆ పిడతలో వేసేవాళ్ళు. అది దేవుడి గుప్పెడు. బియ్యం కాదర్రా, సజ్జలు, కొర్రలు. ఆదివారం తెచ్చి గుడిలో గంపలో పోసేవాళ్ళు. గుడిలో ప్రార్థన నడిపే ఉపదేశి ఏసోబు, గింజలు ఇచ్చినవాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేసేవాడు. ఆ గింజలు లేనివాళ్ళకు పంచేవాడు.

పల్లె చివర కేతూరమ్మ ఉండేది. కుష్టు రోగం వచ్చి, మిషను ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఉండి, నయమై తిరిగొచ్చింది. రోగం పోయింది. దానితోపాటు వేళ్ళూ పోయాయి. కుడిచేతికి మూడు మిగిలాయి. గుప్పెట మూసుకోదు, గింజలు జారిపోతాయి. మూడుసార్లు తీస్తేగానీ ఒక గుప్పెడు కాదు.

పెద్ద కులాల ఊరు మనల్ని తన బావి దగ్గరికి రానివ్వలేదు. ఆ బాధ తెలిసిన మనమే కేతూరమ్మను దూరం పెట్టాం. ఆమె గింజలు గంపలో కలపనివ్వలేదు. వాకిట్లో ఒక రాయి చూపించి, దాని మీద పెట్టి పొమ్మన్నాం. ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెప్పాలి. చేసింది మనవాళ్ళే గనక చెప్పాలి.

ఒక ఎండాకాలం ఊరి కావలివాడు గురవయ్య, పెద్ద రైతులు చెప్పారని మన పాకకు నిప్పు పెట్టాడు. పల్లె ఏడ్చింది. మళ్ళీ ఆకు తెచ్చి కప్పుకుంది.

పాక లేచిన మొదటి ఆదివారం కేతూరమ్మ రాయి మీద రెండు మూటలు పెట్టింది.

“ఇది నాది. ఇది గురవయ్యది. ఆయన పేరు కూడా చదువయ్యా” అంది.

“మన గుడి తగలబెట్టినవాడి పేరా?” అన్నాడు ఏసోబు.

“ఆయన రాడు గదయ్యా. రానివాళ్ళ గుప్పెడు ఎవరో ఒకరు తేవాలి గదా.”

“నీ గుప్పెడే నిండదు, ఇంక వాడిది కూడానా కేతూరమ్మా” అంది ఒకావిడ. అందరూ నవ్వారు. ఏసోబు రెండో మూట తిప్పి పంపాడు.

రెండో ఆదివారం మళ్ళీ రెండు మూటలు. “రానివాళ్ళ గుప్పెడు ఎవరో ఒకరు తేవాలి గదా” అంది. మళ్ళీ తిప్పి పంపాడు.

మూడో ఆదివారం ఏసోబుకు కోపం వచ్చింది. “వాడు నీకేమవుతాడు?”

“ఏమీ కాడు. ఆసుపత్రిలో ఒక ముసలమ్మ రోజూ నా పేరు పెట్టి ప్రార్థన చేసేది. నేను ఆమెనూ, ఆమె దేవుణ్ణీ కలిపి తిట్టేదాన్ని. ఆమె మానలేదు. నేను ఆమెకేమవుతానయ్యా?”

ఏసోబు ఆ మూటనూ తిప్పి పంపాడు.

ఆ తర్వాత ఆమె అడగలేదు. ఇంట్లో గుప్పెడు తీసే చెయ్యి మాత్రం ఆగలేదు.

తర్వాత కరువొచ్చింది. గుండ్లకమ్మ ఇసక తేలింది. గుడి గంప అడుగు కనబడింది. ఒకనాడు పొద్దెక్కినా కేతూరమ్మ గుడిసె నుంచి పొగ రాలేదు. ఏసోబు వెళ్ళి చూశాడు. ఆమె పోయింది. పొయ్యి పక్కన రెండు పిడతలున్నాయి. ఒకటి ఖాళీ, గింజ లేదు. రెండోది మూతిదాకా నిండి ఉంది, గుడ్డ కట్టి ఉంది. అదెవరిదో ఏసోబుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆకలితో చావమని దేవుడు ఆమెకు చెప్పలేదు. ఆమెకు ఒక ముంతెడు అంబలి పొయ్యమని మనకు చెప్పాడు. మనం పొయ్యలేదు.

ఏసోబు ఆ పిడత ఎత్తుకుని ఊళ్ళోకి నడిచాడు.

“ఏరా ఏసోబూ, ఏంటది?” అన్నాడు గురవయ్య. అతని బుగ్గలూ పీక్కుపోయి ఉన్నాయి.

“నీ గింజలు.”

“నేనెప్పుడిచ్చాను?”

“నువ్వివ్వలేదు. మా కేతూరమ్మ నీ పేరున దాచింది. నీ కోసం ప్రార్థన చెయ్యమని మూడు వారాలు అడిగింది. నేను చెయ్యలేదు.”

“మీ పాక తగలబెట్టింది నేనని ఆమెకు తెలవదా?”

“తెలుసు.”

“ఎక్కడుంది ఇప్పుడు?”

“పోయింది.”

గురవయ్య పిడతలోకి చూశాడు. “ఇన్ని గింజలు పక్కన పెట్టుకుని ఆకలితో పోయిందా?” అన్నాడు.

అతను పల్లెకు వచ్చాడు. మగవాళ్ళు గుడిసెకు దూరంగా నిలబడి ఉన్నారు. ముట్టుకునేవాడు లేడు. గురవయ్య తలపాగా తీసి నడుముకు చుట్టుకుని లోపలికి పోయాడు.

“రోగం మనిషి” అన్నారెవరో.

“నా పేరు మోసిన మనిషి” అన్నాడు గురవయ్య. చేతులమీద ఎత్తుకుని తీసుకెళ్ళాడు. గొయ్యి తనే తవ్వాడు.

సమాధి దగ్గర ఏసోబు ప్రార్థనకు నిలబడ్డాడు. కేతూరమ్మ పేరు చదివాడు. రెండో పేరు దగ్గరికి వచ్చాడు. ఒకసారి ఆగాడు. రెండోసారి ఆగాడు. మూడోసారి “గురవయ్య” అన్నాడు. కళ్ళ నీళ్ళు కారుతుంటే పూర్తిచేశాడు.

“నేనొక్కణ్ణీ ఇవి తినలేను ఏసోబయ్యా” అన్నాడు గురవయ్య. పిడత గుడికి తెచ్చి గంపలో ఒంపాడు. గంపలో ఉన్న నాలుగు గింజలతో ఏసోబు వాటిని తన చేత్తోనే కలిపాడు. అంబలి కాచారు. అందరూ తాగారు.

ఆ తర్వాత గురవయ్య గుడికొచ్చాడా అని మీరడుగుతారు. వచ్చాడంటారు కొందరు, రాలేదంటారు కొందరు. నాకు తెలియదు. పేరు చదవడమే మన పని.

ఇప్పుడు మన గుడికి శ్లాబు ఉంది, గంట ఉంది, మైకు ఉంది. అప్పటి వాకిట్లోని రాయి మాత్రం లోపలికి వచ్చింది. గంప దాని మీదే పెడతారు. మన పల్లె ఆడవాళ్ళు ఈనాటికీ దేవుడి గుప్పెడు తీశాక, రానివాళ్ళ గుప్పెడు మూడు వేళ్ళతో మూడుసార్లు తీస్తారు. గుడికి రానివాడి పేరో, మనల్ని తిట్టేవాడి పేరో అనుకుంటూ వేస్తారు. ఆదివారం గుడిలో అన్నిటికంటే ముందు ఆ పేర్లే చదువుతారు. తీసేటప్పుడు గింజలు జారి కింద పడితే, వంగి ఒక్కొక్కటీ ఏరి మళ్ళీ వేస్తారు. కేతూరమ్మ అలాగే చేసేదట.