గడియకు వేలాడిన గరిటె

రెండో చలికాలం గడుస్తున్నా బ్రదర్ బాలశౌరి గడప ఒక్కరూ తొక్కలేదు.

గుంటూరు వైపు నుంచి సువార్త పని మీద మంగోలియా వచ్చినవాడు. మంచు కురిస్తే అక్కడ నేలేదో ఆకాశమేదో తెలియదు. ఆ తెల్లదనంలో గుండ్రటి ఉన్ని గుడారాలు కొన్ని, పొగ వదులుతూ తేలుతున్నట్టుంటాయి. వాటిలో ఒకటి అతనిది.

ఆ సాయంత్రం గురువు ఫాదర్ చిన్నప్ప జీపులో వచ్చాడు. ఆ దేశంలోనే తల నెరిసిన మనిషి. ఆయన ఇంకా కిందికి దిగకముందే బాలశౌరి తన ట్రంకుపెట్టె తెచ్చి జీపులో పెట్టేశాడు.

"రేపు నన్నూ తీసుకుపోండి ఫాదర్. నావల్ల కావడం లేదు."

"ఏం, తిట్టారా? కొట్టారా?"

"తిట్టినా బాగుండును. వెళితే నవ్వుతారు, వాళ్ళ ఉప్పు టీ ఇస్తారు. నా ఇంటికి మాత్రం రారు. రాని మనిషికి దేవుడి మాట ఏమని చెప్పను?"

ఫాదర్ జీపు దిగాడు. "పద, దుల్మా ముసలమ్మను చూసొద్దాం" అన్నాడు.

పక్క గుడారం ముందు బాలశౌరి రెండు వేళ్ళతో మెల్లగా తలుపు తట్టి, పక్కకు తప్పుకుని, చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఎప్పుడూ అంతే. ఇంట్లోవాళ్ళు ఏ పనిలో ఉన్నారో, పిలవకుండా దూరితే ఏం మర్యాద?

చిన్నప్ప మాత్రం "కుక్కను పట్టుకోండి!" అని కేకేసి, తల వంచి లోపలికి వెళ్ళిపోయాడు. కుక్క ఉన్నా లేకపోయినా ఆ దేశంలో ఇంటికొచ్చినవాళ్ళ పిలుపు అదే. పొయ్యి దగ్గర చతికిలబడి, అడక్కుండానే గిన్నెలోంచి ఎండు మీగడ ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

"నీ శిష్యుడు తలుపు తట్టినప్పుడల్లా నా గుండె జారుతుందయ్యా" అంది దుల్మా. "సర్కారు మనిషెవరో వచ్చాడని టోపీ సర్దుకుంటాను!"

బాలశౌరీ నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అవి మేకలు ఈనే రోజులు. అప్పుడే పుట్టిన పిల్లలు గుడారమంతా ఒకదానిమీదొకటి పడి నిద్రపోతున్నాయి. "ఇంకో రెండు పుడితే నన్నే బయట పడుకోమంటాయి" అంది ముసలమ్మ.

ఇంటికి రాగానే బాలశౌరి అలవాటుగా తలుపు గడియ వేశాడు. చిన్నప్ప దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇదెక్కడిది?"

"పట్నంలో కొని నేనే బిగించాను. అమ్మ ఒట్టు వేయించుకుంది. పరాయి దేశం, ఒంటరిగా ఉంటావు, గడియ మరవకురా అని. రోజూ ఫోనులో ముందు అదే అడుగుతుంది. ఆ తర్వాతే తిన్నావా అని."

"తల్లి కదా. అడక్కపోతే నిద్రెలా పడుతుంది?"

అంటూనే జేబులోంచి చాకు తీశాడు. మరలు ఒక్కొక్కటే విప్పి, ఆ గడియను పట్టుకెళ్ళి పొయ్యి పక్కన గోడకర్రకు బిగించాడు. నేలమీదున్న టీ గరిటెను తుడిచి దానికి తగిలించాడు.

"పాపం, దీనికో చోటు లేకుండా ఉంది" అని దుప్పటి కప్పుకున్నాడు.

"ఫాదర్, అమ్మకు మాటిచ్చాను."

అప్పటికే గురక వినిపిస్తోంది.

గాలికి తలుపు కదిలినప్పుడల్లా బాలశౌరి ఉలిక్కిపడ్డాడు. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. మంచు లోపలికొచ్చి పక్కన కూర్చుంది. దాని వెనకే అమ్మ, చెంగు తలమీదుగా కప్పుకుని, గడియ కోసం గోడంతా తడుముతోంది. తడిమిన చోటల్లా చేతికి వెచ్చగా ఉన్ని తగులుతోంది. "దొరకడం లేదురా" అంటోంది. ఆ గొంతులో మాత్రం భయం లేదు.

"కుక్కను పట్టుకో!"

"నాకు కుక్క లేదు" అంటూ లేచి కూర్చున్నాడు.

తెల్లవారింది. దుల్మా లోపల నిలబడి ఉంది. కోటు బొత్తాలు విప్పి, రెండు తడి మేకపిల్లల్ని తీసి అతని దుప్పట్లో పడుకోబెట్టింది.

"రాత్రి పుట్టాయి. మా ఇంట్లో జాగా లేదు. సాయంత్రం దాకా నీ దగ్గరుంచుకో." గరిటె అందుకుని పొయ్యి మీది గిన్నెలోంచి తనే టీ పోసుకుంది. "ఉప్పు తక్కువ" అని మొహం చిట్లించి, గరిటె మళ్ళీ గడియకే తగిలించి, వచ్చినట్టే వెళ్ళిపోయింది.

చిన్నప్ప కోటు తొడుక్కుని జీపు వైపు నడిచాడు. అప్పుడే ఫోను మోగింది.

"గడియ వేసుకున్నావా నాయనా?"

ఒక మేకపిల్ల అతని వేలు నోట్లో పెట్టుకుని చీకుతోంది.

"లేదమ్మా. ఇంటికి మనుషులొస్తున్నారు."



"అయితే... వాళ్ళకేమైనా పెట్టావా?"

బాలశౌరి గడియకు వేలాడుతున్న గరిటె వైపు చూశాడు.

జీపు కదిలిన చప్పుడు రాలేదు. చిన్నప్ప భుజాన ట్రంకుపెట్టెతో తలుపులోంచి వంగి వచ్చాడు. దానిమీది మంచు దులిపి, దాని పాత చోటులోనే దించాడు. దానిమీదే కూర్చుని చెయ్యి చాచాడు.

"ఉప్పు తక్కువందిగా ఆవిడ. ఆ గరిటె ఇటియ్యి."