తొలి గంట నీళ్లు

దాలినాయుడు మాస్టారిని ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వెతుక్కునేవారు. అడిగినవాళ్లని వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరేవారు. వెళ్లిన చోట ఏదో ఒకటి జరిగేది. ఆ జరిగిందే జవాబు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషి అలా ఎందుకు చేస్తారని అడిగితే, "బోర్డు మీద రాసింది గంట కొట్టగానే చెరిపేస్తారమ్మా" అని నవ్వేవారు.

మా ఊరు అనకాపల్లి దాటాక చెరకు తోటల మధ్య ఉంటుంది. చలికాలం సాయంత్రాలు గానుగల దగ్గర బెల్లం కాగుతుంటే ఆ తీపి వాసన మంచులో కలిసి వీధులన్నీ తిరుగుతుంది. దాంట్లో నడుస్తుంటే ఎక్కడో ఎవరో మనల్ని తలుచుకుంటున్నారేమో అనిపిస్తుంది. ఊళ్లో ఆడవాళ్లం పద్నాలుగుమందిమి సంఘంగా చేరి కొబ్బరినూనె సబ్బులు చేస్తాం. సబ్బు మంచిదే, కానీ రెండు నెలలు దాటితే దాని మీద నారింజ రంగు మచ్చలు లేచేవి, పాత నూనె కంపు కొట్టేది. కొట్లవాళ్లు అట్టపెట్టెల్లో పెట్టి తిప్పి పంపేవారు. తిరిగొచ్చిన పెట్టె విప్పుతుంటే మా మొహాలే తిప్పి పంపినట్టుండేది.

గాలి తగిలి నూనె చెడిపోవడమే ఆ మచ్చలకు కారణమని మాస్టారు చెప్పారు. మందు కూడా ఆయనే చెప్పారు. చెరకుని నిటారుగా నిలబెట్టే జిగురు లాంటిది ఒకటి దాని పీచులో ఉంటుందట, పేరు లిగ్నిన్. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడదీసి నూనెలో కలిపితే, ఆ ముక్కలు గాలి దెబ్బకి ముందుగా తామే ఎదురువెళతాయట. తాము చెడిపోయి, నూనెని చెడనివ్వవట. అలాంటివాటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారని ఆయన చెప్పినప్పుడు మాకు పేరు నోరు తిరగలేదు గానీ, ఆ గుణం మాత్రం కళ్లకు కట్టింది. ఆ జిగురు దొరికేది చెరకు పిప్పిలో. పిప్పి అంటే మాకు పొయ్యిలోకి తోసేది. అంతకుమించి దానికి బతుకుందని మేమెవ్వరం అనుకోలేదు.

ఆ పనికి పూనుకున్నది గౌరీశ్వరి. మాస్టారి దగ్గర చదువుకున్న పిల్ల, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. సంఘం వాళ్లం మా పాత రేకుల షెడ్డు తాళం ఆమె చేతిలో పెట్టాం. ఉగాది దాకా గడువు. అప్పటికి ఏమీ తేలకపోతే షెడ్డు ఎరువుల బస్తాలకి ఇచ్చేస్తామని మా ప్రెసిడెంటు సూరీడమ్మ ముందే చెప్పింది. గౌరీశ్వరి వాళ్ల నాన్న కూడా అదే గడువు పెట్టాడు. వైజాగులో ఒక మందుల డిపోలో బిల్లులు కొట్టే ఉద్యోగం చూసి ఉంచాడు.

గౌరీశ్వరి పద్ధతి కచ్చితంగా ఉండేది. కడిగిన పిప్పి, స్పిరిట్టు, నీళ్లు కలిపి, మూత బిగించిన స్టీలు పాత్రలో ఐదు గంటలు ఉడికించేది. పాత్ర అడుగున చిన్న కొళాయి. గంటకోసారి గ్లాసుడు నీళ్లు పట్టి, రంగు చూసి, పుస్తకంలో రాసుకుని, పారబోయించేది. ఐదో గంట దాటాక చల్లార్చి మూత తీస్తే అడుగున నల్లటి తారు. మొదట్లో వచ్చిన తారు వేసి చేసిన సబ్బులు నల్లబడ్డాయి, రెండు నెలలకి మచ్చలు మాత్రం ఎప్పటిలాగే లేచాయి. ఆ తర్వాతా తారే. మొత్తం పదకొండుసార్లు.

పిప్పి కడగడానికీ, గ్లాసులు కడగడానికీ పైడమ్మ ఉండేది. ఒకరోజు పారబోయబోతూ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "పాపా, ఈ మొదటి నీల్లు బలే వాసనేస్తన్నాయి. జాతరలో ఐసుబండి వాసన" అంది.

"ఇంకా ఉడకలేదు పైడమ్మా. పారబొయ్యి."

ఇంకోరోజు "పాపా, మల్లీ అదే..." అని మొదలుపెట్టింది.

"ముందు పారబొయ్యి" అంది గౌరీశ్వరి పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆ తర్వాత పైడమ్మ వాసన చూసేది గానీ, చెప్పడం మానేసింది.

పదకొండో తారు గీకిన సాయంత్రం గౌరీశ్వరి మాస్టారి ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను, తిరిగొచ్చిన సబ్బుల పెట్టె చూపిద్దామని వెళ్లాను. ఆ పిల్ల గోళ్లలో నలుపు. కళ్లలో నీళ్లు లేవు, కానీ ఉంటే బాగుండునని అనిపించేలా ఉన్నాయి ఆ కళ్లు.

"మాస్టారూ, ఒక్కటి చెప్పండి. ఎంతసేపు ఉడికిస్తే లోపలి మంచి బయటికొస్తుంది? ఐదు గంటలు చాలలేదు. ఎనిమిది పెట్టనా? పది పెట్టనా? లేక దాంట్లో మంచే లేదా?"

మాస్టారు చెప్పులు వెతుక్కున్నారు.

ముగ్గురం అప్పలకొండ గానుగ దగ్గరికి వెళ్లాం. అప్పలకొండ ఆ చుట్టుపక్కల పేరున్న బెల్లం మనిషి. ఏడో తరగతిలో మాస్టారి చేతిలో తప్పినవాడు. పెద్ద పెనంలో అప్పుడే చెరకు రసం పోశారు. కింద పిప్పి మండుతోంది. ఆ మంట వెలుగు రసం మీద పడి, పెనం ఒక బంగారు చెరువులా కదులుతోంది.

"అప్పలకొండా, ఈ పెనం మడ్డి మా గౌరి తీస్తుంది. నువ్వు చెప్పాల్సింది చెప్పి పక్కకు రా" అన్నారు మాస్టారు.

అప్పలకొండ చిల్లుల గరిటె ఇవ్వనా వద్దా అన్నట్టు చూసి ఇచ్చాడు. "సూడమ్మా, రసం ఏడెక్కితే మురికంతా పైకి తేలుతాది. తేలింది తేలినట్టు తీసెయ్యాల. అంతే." చెప్పి, గానుగలో చెరకు పెట్టడానికి వెళ్లాడు.

కాసేపటికి రసం మీద పచ్చటి మడ్డి తెట్టు అంచుల వెంట మొదలైంది. గౌరీశ్వరి గరిటె పట్టుకుని వంగింది. మళ్లీ నిలబడింది. "ఇంకా మరగలేదు. ఇప్పుడు తీస్తే సగమే వస్తుంది. అంతా తేలనీ, ఒక్కసారే శుభ్రంగా తీద్దాం" అని నాతో అంది. నాకూ అదే సబబుగా తోచింది. మాస్టారు విన్నారు. చేతులు మంటకి చాపి కాచుకున్నారు.

తెట్టు పెనమంతా పరుచుకుంది. మధ్యలో చిన్న బీట పడింది. గౌరీశ్వరి గరిటె ముంచేలోపు రసం ఒక్కసారి కిందినుంచి పొంగి తిరగబడింది. తెట్టు ముక్కలు ముక్కలైంది. చూస్తుండగానే లోపలికి వెళ్లిపోయింది. ఆమె గబగబా దేవింది. గరిటెలో ఉత్త నురగ.

అప్పలకొండ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో! ఏటి సేసీసినావమ్మా!"

"అంతా పైకొచ్చాక తీద్దామని..."

"అంతా వొచ్చేదాకా అది నీకోసం కూకుంటాదేటి? మరుగెక్కితే మల్లీ రసంలో కలిసిపోద్ది. ఇంక దేవుడు దిగొచ్చినా తియ్యలేడు. నల్ల బెల్లం! ఎవడు తింటాడిది?"

"నేను తింటానులేరా. ఈ పెనం నాది. ఈ ఏడాదంతా మా ఇంట్లో నల్ల బెల్లమే" అన్నారు మాస్టారు.

అప్పలకొండ తల గోక్కున్నాడు. "ఏడో తరగతిలో నన్ను తప్పించీసినారు గదా బాబూ. ఇన్నాల్లకి మీ సిస్యురాలు నా దగ్గర తప్పింది" అన్నాడు. మాస్టారు పెద్దగా నవ్వారు. గౌరీశ్వరి నవ్వలేదు. పెనంలోకే చూస్తూ నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు ఎక్కాక ఆమె నెమ్మదిగా, "మాస్టారూ, విడిపోయిన ముక్కలు అక్కడే ఉండిపోతే మళ్లీ ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. అందుకే తారు. తొలి గంటలో వచ్చినవి వచ్చినట్టు బయటికి తియ్యాలి. ఆ నీళ్లే నేను పారబోయిస్తున్నాను" అంది.

"అలాగా" అన్నారు మాస్టారు, అప్పుడే తెలిసినట్టు. రెండడుగులు వేసి, "ఎవరూ చెప్పలేదా?" అన్నారు.

ఆమె ఆగిపోయింది. దూరంగా గానుగల మంటలు చెరకు తోటల్లోంచి మినుకుమంటున్నాయి.

"చెప్పింది" అంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో పైడమ్మ ఎదురుగా గౌరీశ్వరి నేలమీద కూర్చుంది. ఆ పిల్ల అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"పిన్నీ, ఆ ఐసుబండి వాసన ఎప్పుడొస్తుంది? ఎంతసేపటికి?"

పైడమ్మ పిప్పి పిండుతూనే ఉంది. "నానేటన్నాను? నానేటీ అన్నేదు."

"అన్నావు. రెండుసార్లు అన్నావు. నేనే వినలేదు. తప్పు నాది."

పైడమ్మ చేతులు చెంగుకి తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది. "గంటలూ నిమిసాలూ నాకేటి తెలుసమ్మా. కొలాయి దగ్గిర నన్ను నిలబెట్టు. వాసనొస్తే సెప్తాను."

నిలబెట్టింది. ముప్పావుగంట కూడా కాలేదు, పైడమ్మ "ఇదుగో, ఇప్పుడు" అంది. గౌరీశ్వరి కొళాయి తిప్పింది. తేనెరంగు నీళ్లు ధారగా వచ్చాయి, విడిపోయిన లిగ్నిన్ ముక్కల వెనీలా వాసనతో. వాటిని చల్లటి నీళ్ల కుండలో పోస్తే, నిర్మలమైన నీళ్లలో ఒక మబ్బు పుట్టింది. అది వాన మబ్బులాగే కదిలి, చిక్కబడి, మధ్యాహ్నానికి మెత్తటి గోధుమరంగు పొడిగా అడుగున పేరుకుంది. పాత్రలో కొత్త స్పిరిట్టు, నీళ్లు పోసి మళ్లీ పట్టారు. మూడుసార్లయ్యాక పైడమ్మ తల అడ్డంగా ఊపింది. "సాలు. ఇంక కాలిన వాసన తగులుతంది."

ఆ పొడి చిటికెడు చొప్పున వేసి పది సబ్బులు చేశాం. వెయ్యకుండా పది చేశాం. తడి గోనెలు వేలాడదీసి, రేకుల కింద ఉడికిపోయే గదిలో ఇరవై సబ్బుల్నీ పెట్టి తలుపు వేశాం. ఆ ఉక్కకి, రెండు నెలలకి లేవాల్సిన మచ్చలు నెలకే లేస్తాయని గౌరీశ్వరి లెక్క. ముప్పై ఐదు రోజులు. ఉగాదికి ఇంకా నలభై రోజులే ఉన్నాయి. ఆ రోజుల్లో గౌరీశ్వరి వాళ్ల నాన్న ఆమె బట్టలకు కొత్త పెట్టె కొని తెచ్చాడు. ఆమె దాన్ని తెరవనూ లేదు, వద్దననూ లేదు. సబ్బుల గది తలుపు దగ్గరికి వెళ్లేది, చెయ్యి గొళ్లెం మీద పెట్టేది, వెనక్కి తీసుకునేది.

ముప్పై ఆరో రోజు సంఘం అంతా కూర్చున్నాం. ఉత్త సబ్బులు పదింట్లో తొమ్మిదింటి మీద మచ్చలు, గదంతా పాత నూనె కంపు. పొడి వేసిన పదింట్లో రెండింటికి మాత్రం అంచున ఆవగింజంత మచ్చ. మిగిలిన ఎనిమిదీ చేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. సూరీడమ్మ ఒక్కొక్కటీ తీసి వాసన చూసింది, నీళ్లతో రుద్ది చూసింది, మళ్లీ వాసన చూసింది. తర్వాత తన దగ్గర ఉంచుకున్న షెడ్డు రెండో తాళంచెవిని కూడా కొంగుముడి విప్పి గౌరీశ్వరి ఒళ్లో వేసింది.

"ఎరువుల బస్తాలు ఇంకెక్కడైనా పెట్టుకుంటారులే. ఆ రెండు మచ్చల సంగతి కూడా చూడు" అంది.

గౌరీశ్వరి ఆ తాళంచెవి పట్టుకునే వాళ్ల నాన్నకి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడట. తర్వాత, "అయితే ఆ పెట్టె సబ్బులు పెట్టుకోడానికైనా పనికొస్తుందా?" అని అడిగాడట. ఆమె నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. మాకూ అదే పనైంది.

ఇక కబుర్లు మొదలయ్యాయి. మచ్చలు పోతే పోయాయి గానీ సబ్బు బెల్లం రంగులో ఉంది, తెల్ల సబ్బుకి అలవాటుపడ్డ జనం కొంటారా అని ఒకరు. పసుపు కలుపుదామని ఇంకొకరు. పసుపు కలిపితే బట్టలకి అంటుతుందని మరొకరు. గది పిచ్చుకల గూడైంది. మాస్టారు గోడకి ఆనుకుని వింటున్నారు. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ పైడమ్మ పెదవులు కదిలాయి. ఒక అడుగు లోపలికి కూడా వేసింది. అంతలో సూరీడమ్మ గొంతు పెంచి ధరల సంగతి ఎత్తేసరికి ఆ అడుగు వెనక్కి వెళ్లింది.

మాస్టారు చెయ్యి పైకెత్తారు. గది సద్దుమణిగింది.

"ఒక్క క్షణం ఆగండమ్మా. పైడమ్మ నోటిదాకా ఏదో వచ్చింది."