సుంకులమ్మ తరఫు మనిషి

ఏ కాలమో తెలియదు, ఏ దొర ఏలుబడో తెలియదు. ఒక వాగు ఒడ్డున సుంకులమ్మ అని, విస్తళ్ళు కుట్టుకు బతికే ముసలమ్మ ఉండేదట. పోయిన అక్క కొడుకు గంగుల్ని ఆమే పెంచింది. వాడికి మీసాలొచ్చాయి గానీ మనసు పసిబిడ్డదే. "దీపం ఆర్పకూడదు నాయనా, కళ్ళకద్దుకోవాలి" అని నేర్పింది. వాడు మరిచిపోలేదు.

ఒకనాడు పెత్తందారు లేగదూడ కనబడలేదు. గంగుల్ని కచేరీకి ఈడ్చుకుపోయారు. తప్పు చేయనివాడు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి, అదీ అక్కడి కట్టు. గంగులు ఆర్పలేదు. భక్తిగా కళ్ళకద్దుకున్నాడు.

"చూశారా, దొంగ!" అని చెరలో వేశారు.

ఆ పూట సుంకులమ్మ అలవాటుకొద్దీ రెండు విస్తళ్ళు వేసింది. రెండోదాన్ని చూసి తన విస్తరీ మడిచేసింది. తెల్లారగానే కచేరీ గుమ్మం ముందు నిలబడింది.

"నా బిడ్డ పక్కన కూర్చోనియ్యి నాయనా."

"నీ బిడ్డకు మీసాలున్నాయి గదే ముసల్దానా, పో!" అన్నాడు తలారి వీరన్న.

"మీసాలు దేవుడిచ్చాడు. మాటలు ఇంకా నేనే నేర్పుతున్నా."

"పో!"

రెండోనాడూ వెళ్ళింది. "పక్కన కూర్చోనియ్యి నాయనా." "పో!"

మూడోనాడు లోపల దొర ముందు గంగులు "పిన్నమ్మా" అని ఏడుస్తున్నాడు. వీరన్న తలొంచుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఆమె వెళ్ళి వాడి పక్కన నేలమీద కూర్చుంది. "దీపం ఆర్పొద్దన్నది నేనే దొరా. వాణ్ణి నన్నడగనివ్వండి." వాడి వీపు నిమిరింది. "దూడ ఏదిరా, నా తండ్రీ?"

"గొల్లల మందలో తెల్లావు వెంట పోయింది పిన్నమ్మా. పిలిచా. రాలేదు."

"ముందే చెప్పలేదేంరా?" అన్నాడు దొర.

"అందరూ నిలబడి అరిచారు."

మందలో వెతికితే దూడ దొరికింది. గంగుల్ని వదిలేశారు.

కొన్నాళ్ళకు సుంకులమ్మ కన్నుమూసింది. గంగులు వాగు దాకా పోయి పిలిచేవాడు. "పిన్నమ్మా!" గట్టిగా, మెల్లిగా, మళ్ళీ గట్టిగా.

ఆ ఏడే ఎవరిదో ఇత్తడి కడవ పోయింది. మళ్ళీ గంగుల్నే పట్టుకొచ్చారు. అందరూ వాణ్ణి చూస్తున్నారు, వాడు గుమ్మాన్ని చూస్తున్నాడు. ఆమె రాదని అందరికీ తెలుసు, వాడికి తప్ప.

అప్పుడు వీరన్న తలపాగా తీసి, వాడి పక్కన చతికిలబడ్డాడు.

"సుంకులమ్మ తరఫున నేనున్నా. మెల్లిగా అడగండి."

గంగులు చాలాసేపు వీరన్న మొహం చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. కడవ వాడు తీయలేదని ఊరికి తెలిసింది.

ఇప్పటికీ ఆ వాగు పక్క ఊళ్ళల్లో అలాంటి బిడ్డనెవరినైనా పంచాయితీకి తెస్తే కర్పూరం వెలిగించరు. పెద్దలంతా నేలమీదే కూర్చుంటారు. "సుంకులమ్మ తరఫెవరు?" అంటారు. ఎవరో ఒకరు లేచి వచ్చి ఆ బిడ్డ పక్కన కూర్చునేదాకా ఒక్క మాటా అడగరు.