గోరింక మేత తీర్మానం

అనగా అనగా, మనుషులకింకా వల అల్లడం సరిగా చేతకాని రోజుల్లో, తెల్లకలువల చెరువులో నిదానయ్య అనే తాబేలు ఉండేవాడు. చదువుకున్నవాడు. తాటాకు మీద గంటంతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు. నడకే కాస్త ఆలస్యం. అవతలి గట్టున ఎవరికైనా పురుడు వచ్చిందని పలకరించడానికి బయలుదేరితే, చేరేసరికి ఆ బిడ్డే ఎదురొచ్చి, "ఎవరు కావాలి తాతా?" అని అడిగేది.

అందుకే అతనికి ముచ్చటమ్మ అంటే ప్రాణం. ముచ్చటమ్మ ఒక గోరింక. తెల్లవారగానే చెరువు చుట్టూ తిరిగి, చూసింది చూసినట్టు ఎండుకొమ్మ మీద కూర్చుని అందరికీ చెప్పేది. లోకమంతా నిదానయ్య గుమ్మంలోకే వచ్చినట్టుండేది.

ఒకనాడు ముచ్చటమ్మ వచ్చి, "తాతా, రేపటి నుంచి నేను కబుర్లు చెప్పను. చెరువంతా తిరిగొచ్చేసరికి పురుగులన్నీ ఎవరో తినేసి పోతున్నారు. గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని కూర్చుంటున్నారు" అంది.

నిదానయ్య వెంటనే తాటాకు తీసి తీర్మానం రాశాడు: "ముచ్చటమ్మ చూసినవన్నీ చెప్పాలి. ఆమె పిల్లలకు రోజుకొక సంఘం వంతున మేత పెట్టాలి." కొంగలు, బాతులు, ఎండ్రకాయలు, ఈ మూడు సంఘాలూ ఒప్పుకుంటే అది చెరువు మాట అవుతుంది.

ముందు కొంగల సంఘానికి వెళ్లాడు. పెద్ద ధవళయ్య ఒంటికాలి మీద నిలబడి తీర్మానం విన్నాడు. "భేషుగ్గా ఉంది. కానీ మొన్న ఆ పిట్ట, ధవళయ్యగారు జపంలో ఉండగా మూడు చేపపిల్లల్ని మింగారని చెప్పింది. అన్నీ చెప్పాలన్న మాట చివర ఒక్క ముక్క చేర్చండి. కొంగల జపం సంగతి తప్ప."

నిదానయ్య తల గోక్కున్నాడు. పిల్లల ఆకలి తలుచుకుని రాశాడు.

బాతుల సంఘం పెద్ద పడవమ్మ, "చల్లని మాట రాశావు అన్నయ్యా. మా తోడికోడళ్ల గొడవలు మాత్రం ఊరికెందుకు చెప్పు? బాతుల గొడవల సంగతి తప్ప, అని రాసెయ్యి" అంది. రాశాడు.

ఎండ్రకాయల పెద్ద గిట్టప్ప బొరియలోంచి సగమే బయటికి వచ్చాడు. "గట్టంతా తవ్వేస్తున్నామని మా మీద ఒకటే పుకారు. ఎండ్రకాయల బొరియల సంగతి తప్ప. అది రాస్తేనే మా ఒప్పుదల." అదీ రాశాడు.

తీర్మానం గెలిచింది. చెరువంతా రెక్కలు చరిచింది. మర్నాడు ముచ్చటమ్మ కొమ్మెక్కి ఆలోచించి ఆలోచించి, "సూర్యుడు తూర్పునే ఉదయించాడు. నీళ్లు తడిగానే ఉన్నాయి" అని చెప్పి దిగిపోయింది. ఇంత చక్కని కబుర్లు ఎన్నడూ వినలేదని పెద్దలు ముగ్గురూ మెచ్చుకున్నారు.

నాలుగు రోజులు గడిచాయి. మోకాలి దాకా ఉండే నీళ్లు ధవళయ్యకు వేళ్ల దగ్గరకొచ్చాయి. జపం ఫలించి తన కాళ్లు పెరిగాయని అతను మురిసిపోయాడు. బాతుల పొట్టలు బురదకు రాసుకున్నాయి. ఒళ్లు చేశామనుకుని పడవమ్మ అందరి చేతా ఉపవాసం చేయించింది. గిట్టప్ప ఇల్లు నీటికి ఇంతెత్తున తేలింది. మేడ కట్టినంత సంబరపడి అతను చుట్టాలందరినీ పిలిచాడు.

ఐదో రోజు ముచ్చటమ్మ నిదానయ్య దగ్గరకొచ్చి ఏడ్చింది. "తాతా, ఉత్తరపు గట్టున బొరియలు కలిసిపోయి పెద్ద గండి పడుతోంది. నీళ్లన్నీ పోతున్నాయి. చెబితే తీర్మానం దాటినట్టు. నా పిల్లలు వాళ్ల మేత తిన్నారు కదా."

నిదానయ్యకు సిగ్గుతో తల డిప్పలోకి పోయింది. "ఆ రాత నాది, తప్పు నాది. నువ్వు చూసింది చెప్పు తల్లీ" అన్నాడు లోపలి నుంచే.

ముచ్చటమ్మ కొమ్మెక్కి ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దలు ముగ్గురూ, "తీర్మానం, తీర్మానం" అని కేకలేశారు.

"ధవళయ్యగారూ, మీ కాళ్లు పెరగలేదు. నీళ్లు తగ్గాయి" అంది ముచ్చటమ్మ.

ధవళయ్య కిందికి చూశాడు. పడవమ్మ తన పొట్ట చూసుకుంది. గిట్టప్ప మేడ మీంచి తొంగిచూశాడు. అందరూ ఉత్తరపు గట్టుకు పరుగెత్తారు. గిట్టప్ప బొరియలు చూపించాడు, కొంగలు పుల్లలు తెచ్చాయి, బాతులు బురద తొక్కాయి. పొద్దు వాలకముందే గండి పూడింది. నిదానయ్య కూడా సాయానికి బయలుదేరాడు గానీ, మర్నాటి సమావేశానికే చేరగలిగాడు.

ఆ సమావేశంలో పెద్దలు తలలు వంచుకుని కూర్చున్నారు. "ఏంచేస్తాం? సంఘం ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు" అన్నాడు ధవళయ్య.

"ఎవరూ ఏదీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. మీరంతా సరేనంటే ఒక్క అక్షరం కలుపుతాను" అన్నాడు నిదానయ్య. ముగ్గురూ తలలూపారు. అతను మూడు 'తప్ప'ల పక్కనా మూడు 'క'లు చెక్కి, గొంతు సవరించుకుని చదివాడు: "ముచ్చటమ్మ చూసినవన్నీ చెప్పాలి. కొంగల జపం సంగతి తప్పక. బాతుల గొడవల సంగతి తప్పక. ఎండ్రకాయల బొరియల సంగతి తప్పక."

ధవళయ్య గొంతులో ఏదో అడ్డుపడింది. చేపపిల్ల కాబోలు. అయినా సరేనన్నాడు. ఆ పూట మేత వంతు కూడా అతనే తీసుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, మన సంగతి తప్ప అందరి సంగతీ చెప్పమంటే, చివరికి మన సంగతే మనకు తెలియకుండా పోతుంది.