దండోరాకు అందని మాట

వేయించిన శనగల వాసన తగిలితే నాకు మా నాయనమ్మ చెప్పిన పోలమ్మ గుర్తొస్తుంది. ఇప్పుడు శనగలు పొట్లాల్లో వస్తున్నాయి, ఆ వాసనా లేదు. సరే, అది వేరే సంగతి.

మల్లెగుంట రాజ్యంలో దొంగల భయం పెరిగింది. వాళ్ళను అణచేస్తానని సేనాపతి భైరవుడు ముందు జనం దగ్గరున్న కత్తులూ గొడ్డళ్ళూ తీసుకున్నాడు, తరవాత సింహాసనం తీసుకున్నాడు. ఎదురు మాట్లాడినవాళ్ళ నాలుక కోయించేవాడు. అందరూ భయపడాలి కదా, అందుకని కోసేముందు ఆ మనిషి ఏమన్నాడో వీధివీధినా దండోరా వేయించేవాడు.

శనగలమ్మే పోలమ్మ ఒకనాడు సంతలో, "దొంగలు ఎక్కడికీ పోలేదర్రా, అందరూ కోటలో చేరారు" అంది. వేగులవాడు విన్నాడు. భటులు ఆమెను భైరవుడి ముందు నిలబెట్టారు.

"ఆ మాట అన్నావా, ముసలీ?"

"అన్నాను దొరా. సంతలో నలుగురే విన్నారు. మీ దండోరాతో ఊరంతా వింటుంది."

మా నాయనమ్మ ఇక్కడ ఆగి, తీరిగ్గా రెండు శనగలు నోట్లో వేసుకునేది. మేం కదలకుండా కూర్చునేవాళ్ళం.

"దండోరా లేకుండానే కోయిస్తాను" అన్నాడు భైరవుడు.

"కోయించండి. పోలమ్మ ఏమని ఉంటుందా అని ఇంటింటా ఆలోచిస్తారు. ఎవరి కడుపులో ఉన్నది వాళ్ళు నేనన్నాననుకుంటారు. వాటి ముందు నేనన్నది చాలా చిన్నమాట దొరా."

భైరవుడు ఆమెను వదిలేయమని భటులకు సైగ చేసి, "పో" అన్నాడు.

కోట బయట జనం మూగారు. "ఏమన్నావు పోలమ్మత్తా?" అని ఒకడు మెల్లగా అడిగాడు.

"నువ్వనుకుంటున్నదేరా" అంటూ పోలమ్మ గంప నెత్తికెత్తుకుంది.